ఒడిలో పాట – బడిలో పలక

కళాశాల మెట్లెక్కిన వాళ్ళకు సాహిత్యం అనగానే ప్రబంధాలు గుర్తుకొస్తాయి. భావకవిత్వం, అభ్యుదయ కవిత్వం, విప్లవ కవిత్వం గుర్తుకొస్తాయి. ఉయ్యాలలో మనల్ని జోకొట్టిన పాటా, గోరుముద్దలు తినిపిస్తూ అమ్మ పాడిన పాటా, వీధి అరుగు మీద చేతులు చరుచుకుంటూ ఆడపిల్లలు పాడుకున్న పాటా సాహిత్యం కింద లెక్కకు రావు. వాటి మీద పరీక్షలో ప్రశ్న రాదు. సెమినార్లలో పత్రాలు చదివేవాళ్ళూ అరుదే. "అవి పిల్లల పాటలండీ!" అని తీసిపారేయడం మనకు అలవాటైపోయింది.

నా మనవి వేరు. ఆ పాటలే మనిషికి మొదటి వాచకం. పలకా బలపం చేతికి రాకముందే, అ ఆలు కంటికి కనబడకముందే, చదువుకు కావలసిన పునాది చెవిలో పడుతుంది. ఆ పునాది పోసేది ఆ పాటలే. పునాది లేకుండా గోడ లేపుతున్నాం కనుకనే మన పిల్లల చదువు మూడో తరగతికే బీటలు వారుతోంది. గురజాల ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలిగా, ఒకప్పుడు ఈ కళాశాలలోనే తెలుగు చదువుకున్న విద్యార్థినిగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. విద్యార్థి సంఘం వారి సంచికలో పిల్లల పాటల గోల ఏమిటని ఎవరైనా అనుకుంటే, చివరిదాకా చదివిన తర్వాతనే ఆ మాట అనవలసిందిగా కోరుతున్నాను.

అక్షరాలు వచ్చు, చదువు రాదు

పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. నరసరావుపేట జిల్లా కేంద్రం. జిల్లా కొత్తదైనా ఊళ్ళు పాతవే, కష్టాలూ పాతవే. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలారు. కాలువ అందిన చోట పచ్చగా ఉంది, అందని చోట ఇంకా ఆకాశం వంకే చూపు. మిరప, పత్తి, మాచర్ల వైపు నాపరాయి – వీటి చుట్టూనే మన బ్రతుకులు తిరుగుతాయి. సంక్రాంతి దాటిందంటే మిరప కోతలు ముమ్మరం. బయటి జిల్లాల నుంచి కూలీలు పెళ్ళాంబిడ్డలతో సహా వచ్చి చేలగట్ల మీద గుడిసెలు వేసుకుంటారు. వాళ్ళ పిల్లలు ఆ మూడు నెలలూ ఏ బడికీ చెందరు. మన ఊళ్ళలోనూ కూలికి పోయే తల్లుల పెద్దపిల్లలు చంటివాళ్ళను ఎత్తుకుని ఇంటి దగ్గరే ఆగిపోతారు.

ఇటువంటి పిల్లవాడు మూడో తరగతికి వచ్చేసరికి పరిస్థితి ఎలా ఉంటుందో చూడండి. నల్లబల్ల మీద ‘ప’ వ్రాసి చూపిస్తే ‘ప’ అంటాడు. ‘ల’ చూపిస్తే ‘ల’ అంటాడు. ‘క’ కూడా వచ్చు. మూడూ పక్కపక్కన వ్రాసి చదవరా అంటే "ప… ల… క…" అని ఆగిపోతాడు. "కలిపి చెప్పరా" అంటే బిక్కమొహం వేస్తాడు. లేకపోతే మొదటి అక్షరం పట్టుకుని "పలుపు" అనో "పడవ" అనో తోచిన మాట అనేస్తాడు. చేతిలో పలక ఉంది. నోట్లో పలక అన్న మాట ఉంది. మధ్యలో దారి లేదు!

వీడు తెలివిలేని పిల్లవాడా? కానే కాదు. కల్లంలో కూర్చోబెడితే ఎర్రకాయ ఏదో తాలుకాయ ఏదో రెప్పపాటులో వేరుచేస్తాడు. అంగడికి పంపితే చిల్లర తప్పు రాదు. మరి అక్షరాల దగ్గర ఎందుకు ఆగిపోయాడు? అక్షరం వాడికి బొమ్మలా వచ్చింది గాని శబ్దంగా రాలేదు. పలక అన్న మాటలో మూడు ముక్కలున్నాయని వాడి చెవికి ఎవరూ చెప్పలేదు. చెవికి తెలియని ముక్కల్ని కంటితో అతకమంటే ఎలా అతుకుతాడు?

మన లిపి సంగతి కూడా కాస్త ఆలోచించాలి. ఇంగ్లీషు పిల్లవాడికి 26 అక్షరాలు. మనకు వాడుకలో ఉన్నవే సుమారు 50. ప్రతి హల్లుకూ గుణింతం వేసుకుంటే నాలుగు వందలకు పైగా రూపాలు. ఆ మీద ఒత్తులు. మన తెలుగులాగే అక్షరాలూ గుణింతాలూ ఒత్తులూ ఉన్న కన్నడంలో చదువు నేర్చే పిల్లల మీద సొనాలీ నాగ్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. ఈ అక్షరాలన్నీ పట్టుబడడానికి మొదటి రెండేళ్ళు చాలవనీ, మాటను అక్షరాలుగా విడగొట్టే నేర్పు ముందు వస్తే అక్షరంలోని హల్లునూ అచ్చునూ విడదీసే నేర్పు చాలా నెమ్మదిగా వస్తుందనీ అందులో తేలింది. అంటే కంటికి ఉన్న పని చాలా పెద్దది. చెవి పని ముందే పూర్తయి ఉంటేనే కన్ను తన పని తాను చేసుకోగలదు. రెండు బరువులూ ఒకేసారి ఐదేళ్ళ పసివాడి నెత్తిన పెడుతున్నాం. అదీ మన బడుల్లో జరుగుతున్న పొరపాటు.

తాలుకాయ పరీక్ష

నా మాట పట్టుకుని నమ్మనక్కర్లేదు. ఇంగ్లండులో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగైదేళ్ళ వయసున్న సుమారు 400 మంది పిల్లలతో ఒక పరిశీలన చేశారు. 1983లో అది ప్రసిద్ధ విజ్ఞాన పత్రిక ‘నేచర్’లో అచ్చయింది. పిల్లలకు మూడు నాలుగు మాటలు వినిపించి, వాటిలో శబ్దం కలవని మాట ఏదో చెప్పమన్నారు. మన భాషలో చెప్పాలంటే పిల్లి, బల్లి, కాకి, మల్లి అని వినిపించి ఇందులో తాలుకాయ ఏదిరా అని అడగడమే. కాకి అని చటుక్కున చెప్పగలిగిన పిల్లలు తర్వాతి సంవత్సరాల్లో చదవడంలో ముందున్నారు.

అంతటితో ఆగలేదు. ఈ పరీక్షలో వెనకబడిన 65 మందిని ఎంచి నాలుగు జట్లుగా విడదీశారు. రెండేళ్ళలో 40 సార్లు కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. శబ్దాలను పోల్చడం నేర్పడంతో పాటు, ఆ శబ్దాలకు ప్లాస్టిక్ అక్షరాలు కూడా చేతికిచ్చి చూపిన జట్టు అందరికన్నా బాగా చదవగలిగింది. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

1987లో మెక్లీన్ అనే మరో పరిశోధకురాలు వారితో కలిసి మూడేళ్ళు దాటిన 66 మంది పిల్లలను ఏడాదికి పైగా గమనించింది. మూడేళ్ళ వయసులో పిల్లల పాటలు ఎక్కువగా వచ్చిన వాళ్ళకు శబ్దాలను పసిగట్టే శక్తి ఎక్కువగా పెరిగింది. ఇంట్లో డబ్బుందా, తల్లి చదువుకుందా, పిల్లకు తెలివితేటలెంత అన్న విషయాలు లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ సంబంధం నిలిచింది. మన పల్నాటికి ఇంతకంటే శుభవార్త ఏం కావాలి? డబ్బు మన చేతిలో లేదు. తల్లులందరి చదువూ ఈ పూట మన చేతిలో లేదు. పాట మాత్రం మన చేతిలోనే ఉంది.

మన పాటలో ఏముంది?

అయితే అది ఇంగ్లీషు సంగతి. మన పాటల నిర్మాణం వేరు, వాటి బలమూ వేరు. నాకు తోచినంతలో మూడు సంగతులు చెబుతాను.

మొదటిది చప్పట్లు. ఇద్దరు ఆడపిల్లలు ఎదురెదురుగా నిలబడి చెమ్మచెక్క ఆడుతున్నప్పుడు గమనించండి. చేతులు కలిసే చోట పాట తెగుతుంది. మాట ముక్కలవుతుంది. ‘పలక’లో మూడు ముక్కలున్నాయని నేను నల్లబల్ల మీద గంటసేపు చెప్పినా ఎక్కనిది, మూడు చప్పట్లలో ఎక్కుతుంది. మన లిపిలో ఒక్కో ముక్కకు ఒక్కో అక్షరం. ఇంగ్లీషులో పలికేది ఒకటి, వ్రాసేది ఒకటి అయి పిల్లవాడు తికమకపడతాడు. తెలుగులో చప్పట్లు ఎన్నో దాదాపుగా అక్షరాలన్ని. చెవి నుంచి కంటికి ఇంత దగ్గర దారి ఉన్న భాషలో పుట్టి, ఆ దారి వాడుకోకపోవడం మన దురదృష్టం కాదా?

రెండోది మాత్ర. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. ఇది ఛందస్సు పుస్తకంలో చదివి మనం లఘువులు గురువులు గుర్తించాం. ఊయల ఊపుతూ పాడే తల్లికి ఆ పుస్తకంతో పనిలేదు. దీర్ఘం వచ్చిన చోట ఊపు సాగుతుంది, హ్రస్వం వచ్చిన చోట ఆగుతుంది. బిడ్డ ఒంటికి ఆ తేడా తెలుస్తుంది. చిన్న తరగతుల్లో నోటుపుస్తకాలు దిద్దేవాళ్ళను అడిగి చూడండి, పిల్లల తప్పుల్లో సగం దీర్ఘాల తప్పులేనంటారు. ‘వాన’ను ‘వన’ అని, ‘పాలు’ను ‘పలు’ అని వ్రాస్తారు. ఎర్రసిరాతో సున్నాలు చుట్టే బదులు, ఆ మాట ఉన్న పాట నాలుగుసార్లు సాగదీసి పాడిస్తే పిల్లవాడే తన తప్పు పట్టుకుంటాడు. ఇది నేను రోజూ చూస్తున్న సంగతి.

మూడోది ద్విత్వం. అమ్మ, అక్క, అన్న, అత్త, అయ్య, అవ్వ – తెలుగుబిడ్డ నోట మొదట పలికే మాటలన్నీ ఒత్తులే కదా! మన పిల్లల పాటలు కూడా ఈ వత్తిపలికే మాటలతో నిండి ఉంటాయి. బొమ్మ, కొమ్మ, రెమ్మ ఒక గుత్తి. గువ్వ, గవ్వ, మువ్వ ఒక గుత్తి. బడిలో ఏం చేస్తున్నాం? ‘అ’కు అమ్మ అని బొమ్మ వేసి చూపిస్తాం. ఆ అమ్మలో ఒత్తు ఉన్న సంగతి మాత్రం ఎన్నో నెలల తర్వాత చెబుతాం. అప్పటికి పిల్లలకు ఒత్తులంటే భయం పట్టుకుంటుంది. పాటలోని గుత్తి పట్టుకుని వెళితే భయానికి చోటే లేదు. బొమ్మ వచ్చిన పిల్లకు మొదటి అక్షరం మార్చి కొమ్మ చూపించండి, రెమ్మ చూపించండి. ఒక్క మాట నేర్పితే నాలుగు మాటలు వెంట వస్తాయి.

ఇంకో విశేషం ఉంది. మన కవిత్వానికి ప్రాణం ప్రాస. ఇంగ్లీషువాళ్ళు పాదం చివర శబ్దం కలుపుతారు. మనవాళ్ళు పాదంలో రెండో అక్షరం కలుపుతారు. పిల్లల పాటల్లో చివరా కలుస్తుంది, మధ్యలోనూ కలుస్తుంది. అక్షరం ముక్క రాని అవ్వ కూడా ప్రాస తప్పితే "అది కాదే" అని సరిచేస్తుంది. ఆ చెవిని ఆమెకు ఏ బడి ఇచ్చింది?

పల్నాటివాళ్ళకు ఇది విడమర్చి చెప్పాలా? 12వ శతాబ్దంలో కారెంపూడి దగ్గర జరిగిన యుద్ధం ఈనాటికీ మనకు నిన్న జరిగినట్టు తెలుసంటే, అది పాట చలవ. శ్రీనాథుడు వ్రాశాడని ప్రసిద్ధికెక్కిన ద్విపద కావ్యం ఒకవైపు ఉంటే, దాన్ని ఊరూరా పాడి జనం నోట నిలిపిన గాయకులు మరొకవైపు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు అన్న పేర్లు చాలామందికి పుస్తకం చదివి తెలిసినవి కావు, విని తెలిసినవి. ఏటా కార్తీకమాసంలో కారెంపూడిలో వీరుల ఉత్సవాలకు వెళ్ళే జనాన్ని చూడండి. వినికిడి మీద ఇంత నమ్మకం ఉన్న నేలలో పిల్లలకు చెవి తోవన చదువు చెప్పకపోవడం వింతగా లేదూ?

"పాటలకా బడికి పంపేది?"

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేను తరగతిలో పాట మొదలుపెట్టిన కొత్తలో ఒక తల్లి వచ్చి, "ఏంది టీచరమ్మా, మా బుడ్డోణ్ణి బడికి పంపేది పాటలు పాడటానికా? పక్కింటోళ్ళ పాప కాన్వెంటులో ఇంగ్లీషు పాటలు పాడుతుంది. మావోడు అవ్వ పాడే పాటలే పాడతన్నాడు. ఇంకెందుకు బడి?" అంది. ఆమె మాటలో వెక్కిరింపు లేదు, భయం ఉంది. తాను మిరపచేలో వంగి వంగి సంపాదించిన కూలిడబ్బుతో కొడుకును ఆ చేనుకు దూరంగా పంపించాలని ఆమె ఆశ. అవ్వ పాటలు వాణ్ణి మళ్ళీ ఆ చేలోకే లాగుతాయేమోనని ఆమె అనుమానం. దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు చదువుకున్న మనకు లేదు.

ఆమెకు నేను చెప్పిన జవాబే ఇక్కడా చెబుతున్నాను. ఇంగ్లీషు పాటల మీద నాకు పగ లేదు. ఆ భాష ధ్వనులు నోటికి పట్టాలంటే ఆ పాటలు పాడవలసిందే. కాని నరసరావుపేటలో మూడేళ్ళ పాప ఎన్నడూ చూడని వంతెన గురించీ, ఎన్నడూ తినని పదార్థం గురించీ అర్థం తెలియకుండా పాడితే అందులో ఆమెకు మాట దొరకదు, చప్పుడు మాత్రమే దొరుకుతుంది. వాళ్ళ పాట వానను వెళ్ళిపొమ్మంటుంది. ఏడాదికి నాలుగు మంచి వానలు పడితే చాలని మొక్కుకునే ఊళ్ళో మన పిల్ల ఆ పాట పాడుతుంది! మన పాట వానను పిలుస్తుంది. ఏ పాట ఆమె బ్రతుకులోంచి వచ్చిందో వేరే చెప్పాలా?

మాతృభాషలో పదునెక్కిన చెవి రెండో భాషకు అడ్డం కాదు, ఆసరా. 1993లో అమెరికాలో స్పానిష్ ఇంటిభాషగా గల మొదటి తరగతి పిల్లలను పరిశీలించారు. స్పానిష్‌లో శబ్దాలను బాగా విడగొట్టగలిగిన పిల్లలే ఇంగ్లీషు మాటలనూ బాగా చదవగలిగారని తేలింది. 2019లో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని ఉత్తర్వులు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వాదోపవాదాల్లోకి నేను పోను. ఏ మాధ్యమమైనా కానివ్వండి, ఐదేళ్ళలోపు బిడ్డకు చెవి తెరుచుకునేది అమ్మ భాషలోనే. ఆ పని అక్కడ జరగకపోతే పైన ఏ భాష పెట్టినా నిలవదు.

ఈ మాటే మరో రకంగా కూడా వర్తిస్తుంది. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల్లో పిల్లల ఇంటిభాష లంబాడీ. వాళ్ళకు తెలుగు పాట కూడా మొదట పరాయిదే. తెలుగు నోట మాతృభాష గురించి గొప్పలు చెప్పి, తండా పిల్లల మాతృభాషను మరిచిపోతే మన వాదానికి విలువేముంది? గిడుగు రామమూర్తి పంతులుగారిని మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు దండలతో తలుచుకుంటాం. ఆ మహానుభావుడు వ్యావహారిక తెలుగు కోసం పోరాడటమే కాదు, సవరల భాష తానే నేర్చుకుని, వాళ్ళ కోసం బడులు పెట్టించి, ఆ భాషలో పుస్తకాలు వ్రాశాడు. తండాలో పనిచేసే టీచరు ముందు ఆ తల్లుల దగ్గర రెండు లంబాడీ పాటలు నేర్చుకుని తరగతిలో పాడితే, తర్వాత ఆమె పాడే తెలుగు పాటకు పిల్లలు తప్పకుండా గొంతు కలుపుతారు.

వల్లెవేత వేరు, చదువు వేరు

కొందరు సోదర ఉపాధ్యాయులు అడిగే ప్రశ్న ఒకటుంది. "పాటలు పాడినంత మాత్రాన చదువు వస్తుందా? మా వీధిలో పాటలు రాని పిల్లలే లేరు. అందరూ చదువుతున్నారా?" న్యాయమైన ప్రశ్న. పాట ఒక్కటే చాలదు. ఇంగ్లండు పరిశీలనలో ముందుకొచ్చింది శబ్దంతో పాటు అక్షరం కూడా చేతికందిన జట్టు అని పైన చెప్పాను కదా! పాటను అక్షరంతో ముడివేయాలి. ముడివేయకపోతే అది వల్లెవేతగానే మిగులుతుంది.

ముడివేయడం ఎలాగో నేను చేస్తున్న పద్ధతి చెబుతాను. ఖర్చు లేదు, రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదట రెండు మూడు రోజులు పాట పాడటమే, చేతులు చరచడమే. తర్వాత చివరి మాట నేను మింగేస్తాను, పిల్లలు అందుకుంటారు. ఆ తర్వాత ఒక మాటలో మొదటి అక్షరం మార్చి ఆట ఆడతాం. అర్థం లేని మాటలు వచ్చినా ఫర్వాలేదు, నవ్వుకుంటారు, చెవి పదునెక్కుతుంది. నాలుగో రోజున పాటను పెద్ద అక్షరాలతో చార్టు మీద వ్రాసి గోడకు పెడతాను. పాడుతూ వేలితో ఒక్కో అక్షరం కిందా చూపిస్తాను. పిల్లలు తామే వేలు పెట్టి పాడతారు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. పాట కంఠతా వచ్చిన పిల్ల చార్టు చూడకుండానే గడగడా ‘చదివేస్తుంది’. తల్లిదండ్రులు మురిసిపోతారు, తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా మోసపోతారు. అందుకని మధ్యలో ఒక మాట మీద వేలుపెట్టి ఇదేమిటని అడగాలి. చివరి నుంచి వెనక్కి అడగాలి. ఆ మాటనే పలక మీద విడిగా వ్రాసి అడగాలి. అప్పుడు చెప్పగలిగితే అది చదువు. చెప్పలేకపోతే ఇంకా పాటే.

ఆ తర్వాత పిల్లల చేతనే కట్టించాలి. ఒకసారి మిరప కోతల రోజుల్లో మా రెండో తరగతి పిల్లలు తలా ఒక మాటా అందించి ఇలా కట్టారు:

మిరపకాయ మిరపకాయ ఎరుపు ఎందుకే?
ఎండలోన ఎండినాను, అందుకే అందుకే!

ఇందులో సున్నా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమన్నాను. ఎందుకే, ఎండ, ఎండినాను, అందుకే, అందుకే – ఐదు! సున్నా అంటే ఏమిటో ఆ రోజు నేను పాఠం చెప్పనక్కర్లేకపోయింది. మార్కాపురం నుంచి దేశదేశాలకు పలకలు వెళ్ళాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. పలక మీద ఏం వ్రాయాలో పిల్లవాడి నోట్లోనే ఉంది, మనం అడగాలి అంతే.

పాతదంతా బంగారం కాదు

నేను పాతకాలాన్ని తిరిగి తెమ్మనడం లేదు. వీధిబడిలో ఇసుకలో వేలు పెట్టి ఓనమాలు దిద్దించారు, గుణింతాలూ ఎక్కాలూ రాగం తీసి చెప్పించారు. అందులో చెవికీ చేతికీ కంటికీ కలిపి పని ఉంది, ఆ మేలు ఒప్పుకోవాలి. కాని ఆ అరుగు ఎక్కనీయని పిల్లలు ఎందరు? మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా కవి కులం పేరిట ఎన్ని అవమానాలు దిగమింగవలసి వచ్చిందో తెలుగువాళ్ళందరికీ తెలుసు. పాత పాటల్లోనూ ఒక కులాన్ని కించపరిచేవీ, నల్లపిల్లను వెక్కిరించేవీ, ఆడపిల్ల పుట్టుకను దిగులుగా చెప్పేవీ ఉన్నాయి. అవి పరిశోధకులు దాచుకోవచ్చుగాని పిల్లల ముందు పెట్టకూడదు. చేటలో పోసి చెరిగి, గింజ ఉంచుకుని పొట్టు వదిలెయ్యాలి. చప్పట్ల ఆటలు ఆడపిల్లలకే అన్న పట్టింపూ వదిలెయ్యాలి. చదవలేక వెనకబడే వాళ్ళలో మగపిల్లలు తక్కువేం కాదు.

ఈ పని మనతోనే మొదలు కాదు. చింతా దీక్షితులుగారు పిల్లల పాటలను ఆదరించి ‘లక్కపిడతలు’ అందించారు. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు మద్రాసు రేడియోలో పిల్లల చేత పాడించారు, 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1958లో గ్రంథం ప్రచురించారు. వాళ్ళు త్రవ్విన బావిలో నీళ్ళున్నాయి, చేదేవాళ్ళే తగ్గారు.

ఇప్పుడు ఇళ్ళలో పాడేవాళ్ళు కరువవుతున్నారు. అవ్వ ఒక ఊళ్ళో, మనవడు ఒక ఊళ్ళో. ఏడిస్తే చేతికి ఫోను ఇస్తున్నారు. అందులోనూ పిల్లల పాటలు వస్తాయి, రంగురంగుల బొమ్మలు ఆడతాయి. కాని ఫోను బిడ్డ జవాబు కోసం ఆగదు. చివరి మాట మింగేసి కళ్ళల్లోకి చూడదు. తప్పు పలికితే నవ్వి సరిచేయదు. చేతులు కలిపి చప్పట్లు కొట్టదు. పాటలో చదువు నేర్పేది రాగం ఒక్కటే కాదు, ఎదుట కూర్చున్న మనిషి.

మనం చేయగలిగింది

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా పునాది దశ అంది. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ పథకం, 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం రావాలని లక్ష్యం పెట్టింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఆ పథకం కింద వచ్చిన అంగన్‌వాడీలు ఇవాళ ఊరూరా ఉన్నాయి. లక్ష్యాలకు కొరత లేదు, కాగితాలకూ కొరత లేదు. కొరవడినది ఆ అంగన్‌వాడీ టీచరు చేతిలో మన ఊరి పాటల చిన్న పుస్తకం. ఆమె గోడ మీద అచ్చు చార్టులో ఉన్న పాట ఎక్కడిదో కావచ్చు. పక్కవీధి అవ్వ నోట ఉన్న పాట ఏ చార్టులోనూ లేదు.

విద్యార్థి సోదరసోదరీమణులారా! ఇది మీరు చేయగలిగిన పని. ఏటా జాతీయ సేవా పథకం కింద పల్లెల్లో శిబిరాలు పెడుతున్నారు, రోడ్లు ఊడుస్తున్నారు, మొక్కలు నాటుతున్నారు, సంతోషం. వచ్చే శిబిరంలో ప్రతి ఒక్కరూ ఒక అవ్వ దగ్గర కూర్చుని ఐదు పాటలు వ్రాసుకు రండి. ఏ ఊరు, ఏ సందర్భంలో పాడతారు, ఏ ఆటతో పాడతారు అన్నది కూడా వ్రాసుకోండి. ఆమె పలికినట్టే వ్రాయండి, గ్రాంథికం చేసి పాడుచేయకండి. తండాకు వెళ్ళినవాళ్ళు లంబాడీ పాటలు తెండి. ఉర్దూ ఇళ్ళల్లో జోలపాటలు అడగండి. తెలుగు శాఖ అధ్యాపకులు వాటిని ఏరి, చెరిగి, పెద్ద అక్షరాలతో ముప్పై నలభై పుటల పుస్తకంగా వేయించగలరు. ఈ సంచికకు అయ్యే ఖర్చులో కొంత చాలు. పూర్వ విద్యార్థులు తలా పది కాపీలు కొని తమ ఊరి అంగన్‌వాడీకి ఇవ్వగలరు. శాస్త్ర విద్యార్థులు కూడా దీనికి దూరంగా ఉండనక్కర్లేదు. బ్రాడ్లీ, బ్రయంట్ చేసిన తాలుకాయ పరీక్షను మన తెలుగు మాటలతో తయారుచేసి రెండు బడుల్లో జరిపి చూడండి. ఫలితం నా వాదానికి వ్యతిరేకంగా వచ్చినా సరే, వచ్చే సంవత్సరం ఇదే సంచికలో అచ్చువేయండి. నేను సంతోషంగా చదువుతాను.

ఆలస్యానికి మాత్రం వీలులేదు. పాటలు తెలిసిన తరం డెబ్భై దాటింది. అవ్వ పోతే ఆమెతో పాటు పాటలు పోతాయి, వాటికి మారు ప్రతి ఏ గ్రంథాలయంలోనూ లేదు. ఇటువైపు మూడో తరగతి పిల్లవాడు "ప… ల… క…" దగ్గర ఆగి మన వంక చూస్తున్నాడు. ఈ ఏడు ఆగిపోతే ఐదులో వాడు పుస్తకం మూస్తాడు, ఏడులో బడి మానేస్తాడు, పదోయేట కోతలకు పోయినవాడు మళ్ళీ తిరిగి రాడు. ఆ అవ్వకూ ఈ పిల్లవాడికీ మధ్య ఇంత అక్షరజ్ఞానం ఉన్నవాళ్ళం మనం. ఒకరి నోట ఉన్నది విని వ్రాయడం, వ్రాసినది ఇంకొకరికి అందించడం – చదువుకున్నందుకు ఆ పాటి పనైనా చేయవద్దా?